పన్నెండు గంటల డైపరు

నీళ్ళు తగిలీ తగలకముందే ఏడు నెలల బాబు కేక పెట్టాడు. మగ్రిబ్ నమాజు ముగిసి అప్పటికి పది నిమిషాలయింది. కొండాపూర్‌లోని ఆ అపార్టుమెంటు తొమ్మిదవ అంతస్తులో మా చెల్లెలి కూతురు స్నానాల గది గుమ్మం దగ్గర కూర్చొని, బిడ్డను మోచేతి మీద బోర్లా పడుకోబెట్టుకొని గోరువెచ్చని నీళ్ళతో కడుగుతోంది. తడిచేయి పిరుదులను తాకిన ప్రతిసారీ ఆ పసివాడు ఊపిరి బిగబట్టి, ముఖం కందగడ్డ చేసుకొని ఏడుస్తున్నాడు.

"ఖాలా, ఒక్కసారి చూడండి. మూడు రోజుల్లో తగ్గిపోయిందనుకున్నాను. మళ్ళీ వచ్చింది, ముందుకంటె ఎక్కువగా వచ్చింది" అన్నది. ఆమె కంట్లో కూడా నీళ్ళు నిలిచాయి.

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. మా అమ్మాయి పుట్టినదీ ఆ సంవత్సరమే. గుంటూరులో మా చెల్లెలి ఇంటి పెరట్లో దండెం నిండా ఆరేసిన పాత చీరల ముక్కలు, పంచెల ముక్కలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. ఆ గుడ్డల మీద పెరిగిన పిల్ల నేడు అదే హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తూ, తన బిడ్డను డైపర్ల మీద పెంచుతోంది. ఇది తప్పని నేను అనను. తొమ్మిదవ అంతస్తులో దండెం కట్టే చోటు లేదు, బాల్కనీలోకి ఎండ రాదు, ఉదయం ఎనిమిదిన్నరకు కంపెనీ క్యాబ్ కింద వచ్చి ఆగుతుంది. కాలం తెచ్చిన సౌకర్యాన్ని వాడుకోవడంలో దోషం లేదు. ఆ సౌకర్యం ఎంతవరకు పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో తెలియకపోవడంలోనే చిక్కు ఉంది.

ఈ శీర్షిక చదివే సోదరీమణులలో చాలామంది నన్ను "ఏ క్రీము మంచిది?" అని అడుగుతూ ఉంటారు. పిల్లల వార్డులో నర్సుగా పనిచేసిన రోజుల నుండి నేను దానికి ముందు ఇంకొక ప్రశ్న వేస్తాను. ఆ సాయంత్రం మా అమ్మాయినీ అదే అడిగాను. "నిన్న పొద్దుటి నుండి ఈ పొద్దుటి వరకు బాబుకు ఎన్ని డైపర్లు మార్చారు? ఏ ఏ వేళల్లో?"

ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టింది. పొద్దున ఏడింటికి తాను మార్చింది. మధ్యాహ్నం స్నానం చేయించినప్పుడు ఆయా మార్చింది. సాయంత్రం ఆరున్నరకు తాను ఇల్లు చేరాక మార్చింది. రాత్రి పదింటికి ఒకటి వేస్తే అది మరునాడు పొద్దుట వరకు ఉంది. ఇరవై నాలుగు గంటలకు నాలుగు. ఏడు నెలల బిడ్డ రోజుకు పది పన్నెండు సార్లు మూత్రం పోస్తాడు. మలం రెండు మూడు సార్లు అవుతుంది. మిగిలిన లెక్క మీరే వేసుకోవచ్చు.

ఇందులో ఎవరిని తప్పుపట్టాలి? డైపరు ఒక్కోటి పది పదిహేను రూపాయలని, వృథా చేయవద్దని ఆయాకు ఎవరో చెప్పారు. ఆమె పొదుపుగా వాడింది. పెట్టె మీద పన్నెండు గంటల వరకు పొడిగా ఉంచుతుందని అచ్చువేసి ఉంది. తల్లి అది నమ్మింది. గుంటూరు నుండి వచ్చిన దాదీ మనుమడి ఒళ్ళు చూసి "వేడి చేసింది" అని తేల్చి, కోడలిని మామిడిపండు, గుడ్డు తినవద్దన్నది. ఎవరి ప్రేమలోనూ లోటు లేదు. కాని ఎవరూ గడియారం చూడలేదు.

పన్నెండు గంటలన్న ఆ మాట డైపరు సామర్థ్యాన్ని గురించి చెప్పినది. బిడ్డ చర్మం సామర్థ్యాన్ని గురించి కాదు. డైపరు లోపల సోడియం పాలీయాక్రిలేట్ అనే పొడి ఉంటుంది. అది నీటిని తన బరువుకు ఎన్నో రెట్లు పీల్చుకొని జిగురుముద్దగా మారుతుంది. అందుకే తడిసిన డైపరు కూడా చేతికి పొడిగానే తగులుతుంది. ఆ పొడి మూత్రాన్ని పీలుస్తుంది గాని మలాన్ని పీల్చలేదు. చర్మానికి, ప్లాస్టిక్ పొరకు నడుమ చిక్కుకున్న ఆవిరినీ పూర్తిగా తీసివేయలేదు.

అక్కడ జరిగేది ఏమిటంటే, ముందు తడికి పైచర్మం నానుతుంది. బట్టలు ఎక్కువసేపు ఉతికినప్పుడు మన వేలికొనలు ఎలా ముడతలు పడి మెత్తబడతాయో అలాగే. నానిన చర్మం డైపరు అంచుల రాపిడికి సులభంగా ఒరుసుకుపోతుంది. ఆ మీదట మలంలోని సూక్ష్మజీవులు మూత్రంలోని యూరియాను అమోనియాగా మారుస్తాయి. ఆరోగ్యమైన చర్మానికి స్వతహాగా కొద్దిపాటి ఆమ్లగుణం ఉంటుంది. అదే దాని కోట. అమోనియా ఆ గుణాన్ని తగ్గించి క్షారగుణాన్ని పెంచుతుంది. క్షారం పెరిగితే మలంలోని కొవ్వును, మాంసకృత్తులను అరిగించే ఎంజైములు చురుకవుతాయి. ఆహారాన్ని అరిగించవలసిన ఆ ఎంజైములు చర్మాన్నే అరిగించడం మొదలుపెడతాయి. పూర్వం వైద్యులు నేరమంతా అమోనియాదే అనుకున్నారు. నిజానికి అది కోట తలుపు తెరుస్తుంది. లోపలికి వచ్చి ధ్వంసం చేసేవి ఆ ఎంజైములు. అందువలననే ఒక్కసారి మలం అయిన డైపరు గంటసేపు ఉంటే కలిగే హాని, మూడు మార్లు మూత్రంతో తడిసిన డైపరు వలన కలిగే హాని కంటె ఎక్కువ.

కేవలం తల్లిపాలు తాగే బిడ్డ మలంలో ఈ ఎంజైముల చురుకు తక్కువ, ఆమ్లగుణం ఎక్కువ. అందుకే అటువంటి పిల్లలకు ఈ ఒరుపు తక్కువగా వస్తుంది. ఇక్కడ ఒక సంగతి గమనించండి. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం మొదటి ఇద్దరు బిడ్డల కాన్పులకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. సెలవంతా కాన్పు తరువాతకే మిగుల్చుకున్న తల్లి కూడా బిడ్డకు ఆరు నెలలు నిండేసరికి ఉద్యోగానికి తిరిగి వెళ్ళాలి. సరిగ్గా ఆ నెలలోనే బిడ్డకు జావ, పప్పన్నం, అరటిపండు మొదలవుతాయి. మలం స్వభావం మారిపోతుంది. ప్రతి గంటకూ బిడ్డను గమనించే కళ్ళు ఇంటి నుండి వెళ్ళిపోవడం, మలం ఘాటెక్కడం, రెండూ ఒకేసారి జరుగుతున్నాయి. 9 నుండి 12 నెలల వయసులో ఈ బాధ అన్నిటికంటె ఎక్కువగా కనిపించడానికి కారణం వేరే వెతకనక్కరలేదు. తల్లి తిన్న మామిడిపండుకు ఇందులో పాత్ర లేదు. పళ్ళు రావడానికీ లేదు. విరేచనాలు అయితే మాత్రం ఒరుపు తప్పక పెరుగుతుంది. బిడ్డకు దగ్గుకో చెవిపోటుకో యాంటీబయోటిక్ మందు ఇచ్చిన వారంలో కూడా పెరుగుతుంది.

ఇక చికిత్స. ఆ రాత్రి మేము చేసినది చెబుతాను. ఎందుకంటే ఏ ఇంట్లోనైనా మొదటి మూడు రోజులు చేయవలసినది అదే.

ముందుగా సువాసన ఉన్న తడి రుమాళ్ళ పొట్లం తీసి పక్కన పెట్టించాను. ఒరిసిన చర్మం మీద అత్తరు, ఆల్కహాలు కలిసిన రుమాలు రుద్దితే ఎలా ఉంటుందో తెలియాలంటే మన చేతి గీరుడు మీద నిమ్మరసం పిండి చూసుకోవాలి. గోరువెచ్చని నీళ్ళు, దూది, లేదా మెత్తటి నూలుగుడ్డ. అంతకంటె అక్కరలేదు. మలం అంటుకొని ఉంటే దూదిని కొబ్బరినూనెలో ముంచి తుడిస్తే రుద్దకుండానే వస్తుంది. ఆడపిల్లలకు ఎప్పుడూ ముందు నుండి వెనుకకే తుడవాలి. సబ్బు ప్రతిసారీ వాడకూడదు. వాడినా వాసన లేనిది, కొద్దిగా. ఈ ప్రాంతపు అపార్టుమెంట్లలో వేసవి వచ్చిందంటే బోరు నీళ్ళు, ట్యాంకరు నీళ్ళే గతి. ఆ నీళ్ళు చాలాచోట్ల కఠినజలం. అందులో సబ్బు సరిగా వదలదు, చర్మానికే పట్టుకొని ఉంటుంది. తాగడానికి తెచ్చుకున్న క్యాను నీళ్ళలో ఒక చెంబెడు బిడ్డకు కేటాయించినా దుబారా కాదు.

కడిగిన తరువాత తువ్వాలుతో రుద్దకుండా అద్దాలి. ఆ పైన గాలి. వాటర్‌ప్రూఫ్ షీటు మీద పాత నూలుచీర మడతపెట్టి పరిచి, బాబును డైపరు లేకుండా పదిహేను నిమిషాలు వదిలాము. నీళ్ళకు అంత ఏడ్చినవాడు ఫ్యాను గాలి తగలగానే కాళ్ళు ఆడించడం మొదలుపెట్టాడు. రెండుసార్లు చీర తడిపాడు. తడపనివ్వండి.

చివర పూత. జింక్ ఆక్సైడు ఉన్న పూతగాని, స్వచ్ఛమైన పెట్రోలియం జెల్లీ గాని చాలు. జింక్ ఆక్సైడు పూతలు 10 శాతం నుండి 40 శాతం దాకా దొరుకుతాయి. ఒరుపు ఎక్కువగా ఉంటే శాతం ఎక్కువ ఉన్నది మేలు. ఇది చర్మంలోకి ఇంకే మందు కాదు. మలమూత్రాలకు, చర్మానికి నడుమ గోడ. కనుక పుల్కా మీద నెయ్యి రాసినట్టు పలుచగా రాస్తే ప్రయోజనం లేదు. గోడకు సున్నం పట్టించినట్టు దట్టంగా పట్టించాలి. డైపరు మార్చినప్పుడు పాత పూతనంతా గోకి తీయాలని చాలామంది తాపత్రయపడతారు. అలా చేస్తే పుండు మళ్ళీ రేగుతుంది. మలం అంటినంత మేర పైపైన తుడిచి, ఉన్న పూత మీదనే ఇంకొక పూత వేయాలి.

పౌడరు మాత్రం వద్దు. తడికి ముద్దకట్టి మడతల్లో ఒరుసుకుంటుంది. చల్లేటప్పుడు గాలిలో లేచి బిడ్డ ఊపిరితిత్తులలోకి పోతుంది. బోరిక్ పౌడరు అసలే వద్దు, పుండు పడిన చర్మం గుండా ఒంటికెక్కితే అది విషం. పచ్చి పుండు మీద పసుపు, ఆవనూనె కూడా మంట పెంచేవే. దాదీకి ఈ మాట నచ్చలేదు. ఆమె పెంచిన నలుగురు పిల్లలకూ పసుపే వేసింది. నిజమే, కాని ఆ నలుగురూ పగలంతా గాలికి తిరిగిన పిల్లలు. వారిని నయం చేసినది పసుపు కాదు, గాలి.

డైపరు బిగించేటప్పుడు నడుము దగ్గర రెండు వేళ్ళు పట్టేంత వదులు ఉండాలి. తొడల దగ్గర ఎర్రటి గీతలు పడుతుంటే ఆ కొలత చాలదని అర్థం. పగటిపూట రెండు మూడు గంటలకు ఒకసారి, మలం అయితే ఆ క్షణమే మార్చాలి. రాత్రి నిద్రపోతున్న బిడ్డను లేపి మరీ మార్చనక్కరలేదు గాని, ఒరుపు ఉన్న రోజులలో పాలకు లేచినప్పుడు ఒకసారి తప్పక మార్చాలి.

మామూలు ఒరుపు అయితే దీనితో రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. మా బాబుది మామూలు ఒరుపు కాదని నాకు చూడగానే అనిపించింది. ఒట్టి ఒరుపు డైపరు నేరుగా తగిలే ఎత్తు భాగాలలో, అంటే పిరుదుల మీద, పొత్తికడుపు కింద, తొడల మీద ఎర్రబడుతుంది. గజ్జల మడతల లోపల చర్మం బాగానే ఉంటుంది. బాబుకు మడతల లోపలే చిక్కటి ఎరుపు, నిగనిగలాడుతూ ఉంది. దాని అంచు దాటి చుట్టూ ఆవగింజలంత ఎర్రటి పొక్కులు చెదురుమదురుగా ఉన్నాయి. ఇది కాండిడా అనే శిలీంధ్రం గుర్తు. ఒరుపు మూడు రోజులు దాటి నిలిచిన చోట ఈ బూజు చేరుతుంది. నోటిలో తెల్లటి పూత కూడా ఉందేమో చూడాలి. దీనికి జింక్ పూత ఒక్కటే చాలదు. క్లోట్రిమజోల్ వంటి బూజు మందు కావాలి. అది వైద్యుడు చూసి చెప్పాలి, ఎన్ని రోజులో కూడా ఆయనే చెప్పాలి.

అసలు మూడు రోజుల్లో తగ్గినట్టే తగ్గి రెండింతలై తిరిగి రావడం ఎందుకు జరిగింది? జవాబు అలమరలో ఉంది. బాబు తండ్రికి క్రితం వేసవిలో తొడ మీద తామర వస్తే మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న ట్యూబు అది. "దురదకు, ఎరుపుకు బాగా పనిచేసింది కదా అని బాబుకు కొంచెం రాశాను. మరునాటికే తెల్లబడింది" అన్నది మా అమ్మాయి. ట్యూబు మీది అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. ఫోనుతో ఫోటో తీసి పెద్దది చేసి చదివాము. మూడు మందుల మిశ్రమం. మొదటి పేరు క్లోబెటసాల్.

సోదరీమణులారా, ఈ వ్యాసంలో మరేది మరచిపోయినా ఈ ఒక్కటి గుర్తుంచుకోండి. క్లోబెటసాల్, బీటామెథాసోన్, బెక్లోమెథాసోన్, మొమెటసోన్ అన్నవి స్టిరాయిడ్లు. వీటిలో క్లోబెటసాల్ అన్నిటికంటె ఘాటైన తరగతికి చెందినది. పిల్లలకు వైద్యులు ఎప్పుడైనా రెండు మూడు రోజులకు రాసే హైడ్రోకార్టిసోన్ కంటె దాని శక్తి వందల రెట్లు. స్టిరాయిడ్ ఎరుపును అణచివేస్తుంది, మరునాటికే తగ్గినట్టు కనిపిస్తుంది. అడుగున ఉన్న బూజుకు మాత్రం అది పండుగ. శరీరం పోరాటం ఆపివేస్తుంది, బూజు పెరుగుతుంది. ట్యూబు ఆపిన వారానికి రెండింతలై బయటపడుతుంది. పైగా పెద్దవారి తొడ మీద రాయడం వేరు, పసివాడికి రాసి దాని మీద ప్లాస్టిక్ పొర ఉన్న డైపరు బిగించడం వేరు. మూతపెట్టిన గిన్నెలో ఆవిరి పట్టినట్టు ఆ మందు లోపలికి ఇంకుతుంది. చర్మం పలుచబడి రక్తనాళాలు తేలడం దాని మొదటి ఫలితం. వారాల తరబడి రాస్తే మందు రక్తంలో కలిసి ముఖం ఉబ్బడం, ఒళ్ళు అసహజంగా లావెక్కడం, ఎదుగుదల కుంటుపడడం వరకు పోవచ్చు. దీనిని కుషింగ్ సిండ్రోమ్ అంటారు. ఒక డైపరు ఒరుపుకు రాసిన పూత వలన పసిపిల్లలు ఆ స్థితికి చేరిన ఉదంతాలు వైద్య పత్రికలలో నమోదై ఉన్నాయి.

2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టిరాయిడ్ పైపూతలను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. నియమం కాగితం మీద ఉంది. మందుల దుకాణం కౌంటరు దగ్గర మాత్రం ట్యూబు పేరు చెబితే చాలు, చేతికి వస్తుంది. కాబట్టి కాపలా మనదే. ఇంట్లో ఉన్న ప్రతి ట్యూబు మీది పేర్లు ఒకసారి చదివి చూడండి. ఇప్పటికే ఇటువంటిది బిడ్డకు వారాల పాటు రాసి ఉంటే భయంతో ఒక్కసారిగా మానివేయవద్దు. ఆ ట్యూబుతో సహా వెంటనే పిల్లల వైద్యుని వద్దకు వెళ్ళండి. ఎలా ఆపాలో ఆయన చెబుతారు. మా బాబుకు రాసినది మూడే రోజులు గనుక, అల్హమ్దులిల్లాహ్, అంత దూరం పోలేదు.

ఇంకొక సంగతి మా అమ్మాయి చాలాసేపటికి గాని చెప్పలేదు. సెలవు రోజులలో కూడా ఆమె డైపరు గంటల తరబడి విప్పేది కాదు. "బట్టలు నాపాక్ అయితే నమాజు పోతుందని భయం, ఖాలా. ఒకసారి ఒళ్ళో పోశాడంటే స్నానం చేసి అన్నీ మార్చుకోవలసి వస్తోంది. అందుకే ఇషా దాకా అలాగే ఉంచేదాన్ని." ఈ భయం ఆమె ఒక్కదానిది కాదు. ఎంతోమంది దీనదార్ తల్లులు దీనితోనే సతమతమవుతున్నారు. బిడ్డ మూత్రం పడితే స్నానం అవసరం లేదు. ఒంటి మీద, బట్ట మీద పడిన మేరకు కడుక్కుంటే చాలు, వుజూ కూడా భంగం కాదు. ఇంకా అన్నం ముట్టని పసిబాలుడొకడు దైవప్రవక్త (స) ఒడిలో మూత్రం పోస్తే ఆయన నీళ్ళు తెప్పించి ఆ చోట చిలకరించారని ఉమ్మె ఖైస్ (ర) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. పాలు మాత్రమే తాగే మగశిశువు విషయంలో షాఫయీ, హంబలీ ధర్మవేత్తలు చిలకరింపు చాలునన్నారు. హనఫీలు కడగాలన్నారు. అన్నం తినే వయసు వచ్చాక కడగడం అందరి మాట. ఏ మాట తీసుకున్నా కడగవలసినది అరచేయంత మేర. అంతకు మించిన బరువును మనమే నెత్తికెత్తుకుంటున్నాము. తన మనుమరాలు ఉమామాను భుజాన ఎత్తుకొని నమాజు చేయించిన ప్రవక్త (స) ఉమ్మత్‌లో, నమాజు కోసమని బిడ్డ ఒళ్ళు పుండు కావడం ఎంత విడ్డూరం! నమాజుకు ఒక జత బట్టలు, ఒక పెద్ద చున్నీ విడిగా ఉంచుకొంటే ఈ చిక్కే ఉండదు.

నిజానికి నమాజు వేళలే ఈ ఇంటికి గడియారమయ్యాయి. అజాన్ వినిపించగానే డైపరు విప్పి, కడిగి, అద్ది, బాబును చీర మడత మీద వదిలి తల్లి ముసల్లా పరుస్తుంది. ఆమె సలాము చెప్పేసరికి బాబు చర్మం ఆరి ఉంటుంది. పూత వేసి కొత్తది కడుతుంది. బిడ్డ మంచం మీద నుండి దొర్లిపోయే వయసు గనుక నేల మీదనే పడుకోబెట్టాలి. ఫజ్ర్ నుండి జుహ్ర్ వరకు ఎడం ఎక్కువ. ఆ నడుమ ఎనిమిది గంటలకు, పదిన్నరకు ఇంకా రెండుసార్లు ఆయా మారుస్తుంది. ఆమె పొదుపు మాట మరచిపోయేలా డైపర్ల పెట్టె ఆమె చేతికే ఇచ్చి, "అయిపోతే అడుగమ్మా, ఎందుకయ్యాయని ఎవరూ అడగరు" అని చెప్పించాము. అన్నిటికంటె ఎక్కువ పని చేసిన మాట బహుశా అదే.

రాత్రి పాలవేళ మార్పు తండ్రి వంతు. మొదటి రోజు అతడు డైపరు వెనుకది ముందుకు కట్టాడు. దాదీ ముఖం తిప్పుకొని నవ్వింది. ప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనులలో చేయి కలిపేవారని ఆయిషా (ర) చెప్పిన మాట మన మగపిల్లలు జుమా ఖుత్బాలో వింటూనే ఉంటారు. ఆ పనులలో డైపరు కూడా చేరుతుందని ఎవరో ఒకరు చెప్పాలి గదా.

బిడ్డను ఆఫీసు క్రెష్‌లో వదిలే తల్లులకు ఒక మాట. 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ ఏర్పాటు చేయాలని, తల్లి విశ్రాంతి విరామంతో కలిపి రోజుకు 4 సార్లు బిడ్డ వద్దకు వెళ్ళవచ్చని అదే చట్టం చెప్పింది. ఇది మేనేజరు దయాదాక్షిణ్యం కాదు, హక్కు. ఆ నాలుగు సార్లూ పాలివ్వడంతో పాటు డైపరు విప్పి చూడండి. క్రెష్ వారు మార్చిన వేళలు ఒక కాగితం మీద రాసి ఉంచమని మర్యాదగా అడగండి.

గుడ్డలు వాడే ఇళ్ళు కూడా ఉన్నాయి. గుడ్డ మంచిదా, డైపరు మంచిదా అన్న వాదం నాకు అంత ముఖ్యంగా తోచదు. తడిసిన గుడ్డ మార్చకుంటే అది డైపరు కంటె త్వరగా ఒరిపిస్తుంది. గుడ్డలకు ఉన్న మేలు ఏమిటంటే, తడిసిన సంగతి వెంటనే తెలుస్తుంది. ఉతికినప్పుడు సబ్బు పూర్తిగా పోయేదాకా జాడించాలి. క్రిమినాశక ద్రావణాలలో, సువాసన ద్రావణాలలో నానబెట్టవద్దు. వీలైతే ఎండలో ఆరవేయాలి. వానాకాలంలో సగం ఆరిన గుడ్డ కట్టడం కంటె ఆ రోజుకు డైపరే నయం.

బాబుకు ఇంకా ఖత్నా కాలేదు. ఈ నెలలోనే చేయించాలని దాదీ ఆత్రపడింది. చర్మం పూర్తిగా మానేవరకు ఆగుదామన్నారు వైద్యులు. ఖత్నా అయిన పిల్లల తల్లులు కొన్ని వారాలు మరింత జాగ్రత్త పడాలి. అప్పుడే బయటపడిన లేత చర్మం తడిసిన డైపరులో అమోనియాకు ఒరిసి, మూత్రద్వారం దగ్గర పుండుపడి, కాలక్రమాన ఆ ద్వారం సన్నబడే ప్రమాదం ఉంది. ప్లాస్టిక్ రింగు పెట్టి చేసిన ఖత్నా అయితే అది రాలేవరకు వైద్యుడు చెప్పనిదే ఏ పూతా రాయకూడదు.

ఇంటి వైద్యం మూడు రోజులు చేసినా తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్ళాలి. జ్వరం ఉన్నా, నీటిపొక్కులు, చీము, రక్తం కనిపించినా, ఎరుపు డైపరు హద్దు దాటి పాకుతున్నా, బిడ్డ నెల లోపు వాడైనా ఆ మూడు రోజులు కూడా ఆగకూడదు. డైపరు చోటుతో పాటు నోటి చుట్టూ, చేతులకు, పాదాలకు కూడా ఇటువంటి పుండ్లు వచ్చి విరేచనాలు అవుతుంటే అది ఒంట్లో జింక్ లోపం కావచ్చు. ఎంత పూత రాసినా తగ్గదు, లోపలికి మందు కావాలి. కార్పొరేట్ ఆసుపత్రి ఖర్చు భరించలేని వారికి రెడ్‌హిల్స్‌లో 1953 నుండి నడుస్తున్న నీలోఫర్ ప్రభుత్వ పిల్లల ఆసుపత్రి ఉంది. ఈ కారిడార్ భవనాలలో ఊడ్చే, వండే, కాపలాకాసే కుటుంబాల పిల్లలకు కూడా ఇదే బాధ వస్తుంది. ఇంట్లో పనిచేసే ఆడమనిషికి కూడా ఈ సంగతులు చెప్పండి.

మా బాబు వైద్యుడిచ్చిన బూజు మందుతో, గాలితో తొమ్మిదవ రోజుకు పూర్తిగా తేరుకున్నాడు. నిన్న ఫోను చేస్తే వెనుక నుండి నీళ్ళ చప్పుడు, దానితో పాటు నవ్వు వినిపించాయి. "ఎవరు కడుగుతున్నారమ్మా?" అని అడిగాను. "వాళ్ళ అబ్బా, ఖాలా. ఈసారి ముందూ వెనుకా సరిగ్గానే కట్టారు" అన్నది.